హెల్మెట్ పెట్టుకున్నా చలాన్ ఎందుకొస్తుంది? మీ ఫొటోను కంప్యూటర్ ఎలా 'చదువుతుంది'?

పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరారు. హెల్మెట్ పెట్టుకున్నారు, సిగ్నల్ దగ్గర ఆగారు, గీత దాటలేదు. రెండు రోజుల తర్వాత ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. హెల్మెట్ లేకుండా బండి నడిపారని చలాన్. పోర్టల్‌లో ఫొటో తెరిచి చూస్తే బండి మీది కాదు. నంబరు మాత్రం మీదే. లేదంటే బండీ మీదే, మనిషీ మీరే, తల మీద నల్లటి హెల్మెట్ కూడా కనిపిస్తోంది. అయినా చలాన్ పడింది.

ఇలాంటప్పుడు చాలామంది అనుకునేది ఒక్కటే: 'కెమెరా తప్పు చూసింది.' నిజానికి కెమెరా తప్పేమీ చూడలేదు. అది ఫొటో తీసిందంతే. ఆ ఫొటోలో ఏముందో చెప్పింది ఇంకొకరు. కొన్ని చలాన్లకు ఆ పని కానిస్టేబుల్ చేస్తారు. మరికొన్నింటికి కంప్యూటర్ ప్రోగ్రామ్ చేస్తుంది. ఫొటోకు 'బైక్', 'మనిషి', 'హెల్మెట్ లేదు' అని పేర్లు తగిలించే ఈ పనినే ఇమేజ్ లేబులింగ్ అంటారు.

మీ ఫోన్ గ్యాలరీలో 'పిల్లి' అని వెతికితే పిల్లి ఫొటోలు వచ్చేది కూడా దీనివల్లే. అక్కడ పిల్లికి బదులు కుక్క వస్తే నవ్వుకుని వదిలేస్తాం. అదే తప్పు ప్రభుత్వ సేవలో జరిగితే జేబుకు చిల్లు పడుతుంది. అందుకే ఈ లేబుళ్లు ఎలా పడతాయో, ఎక్కడ తప్పుతాయో తెలుసుకోవడం అవసరం.

కంప్యూటర్‌కు కనిపించేది ఏంటి?

మనకు ఫొటోలో మనిషి కనిపిస్తాడు. కంప్యూటర్‌కు కనిపించేవి అంకెలు. ఫొటోలోని ఒక్కో చుక్క ఎంత ఎరుపు, ఎంత ఆకుపచ్చ, ఎంత నీలం అని చెప్పే అంకెలు లక్షల్లో ఉంటాయి. వాటి అమరికను బట్టి ఇందులో హెల్మెట్ ఉండే అవకాశం ఎంత అని ప్రోగ్రామ్ లెక్క కడుతుంది.

ఈ లెక్క దానికి పుట్టుకతో రాదు. ముందుగా మనుషులు వేల, లక్షల ఫొటోలు ముందేసుకుని, ఒక్కోదానిలో ఏముందో గీతలు గీసి పేర్లు రాయాలి. వాటిని చూసి ప్రోగ్రామ్ నేర్చుకుంటుంది. అంటే మనుషులు రాసిన పేర్లలో తప్పులుంటే, దాని చదువులోనూ తప్పులుంటాయి.

ఈ రంగంలో బాగా పేరున్న ఫొటోల సంపుటి 'ఇమేజ్‌నెట్'. 2009లో ఫై-ఫై లీ బృందం దీన్ని ప్రకటించింది. కోటీ 40 లక్షలకు పైగా చిత్రాలకు పెరిగిన ఈ సంపుటికి పేర్లు పెట్టింది ప్రపంచమంతటా ఇళ్లలో కూర్చుని, చిత్రానికి ఇంత అని డబ్బు తీసుకుని పనిచేసిన వేలమంది. అంత శ్రద్ధగా తయారుచేసిన దానిలో కూడా, ప్రోగ్రాములను పరీక్షించడానికి వాడే చిత్రాల్లో దాదాపు 6 శాతానికి తప్పు లేబుళ్లున్నాయని 2021లో పరిశోధకులు అంచనా వేశారు. ప్రశ్నపత్రం దిద్దే 'కీ'లోనే తప్పులున్నట్టన్నమాట.

'ఆటో' అనే పేరే లేకపోతే?

ప్రోగ్రామ్‌కు నేర్పిన పేర్ల జాబితాలో లేని వస్తువు ఎదురైతే ఏమవుతుంది? చాలాసార్లు అది 'నాకు తెలియదు' అనదు. తనకు తెలిసిన వాటిలో దగ్గరగా అనిపించిన పేరు తగిలించేస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. రోడ్ల ఫొటోలను అర్థం చేసుకునే ప్రోగ్రాములకు శిక్షణ ఇవ్వడానికి ప్రపంచంలో ఎక్కువగా వాడిన సంపుటి 'సిటీస్కేప్స్'. అందులోని 50 నగరాల్లో ఎక్కువ భాగం జర్మనీవే. ఒక్కో ఫొటోలో ప్రతి వస్తువు చుట్టూ గీత గీసి పేరు పెట్టడానికి సగటున గంటన్నరకు పైగా పట్టింది. ఇంత కష్టపడి చేసినా, అందులో ఆటోరిక్షా అనే పేరే లేదు. అక్కడి రోడ్ల మీద ఆటో లేదు కాబట్టి జాబితాలోకీ రాలేదు.

ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు 2018లో 'ఇండియా డ్రైవింగ్ డేటాసెట్'ను విడుదల చేశారు. హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో కారు మీద కెమెరా పెట్టుకుని తిరిగి, సుమారు 10 వేల ఫొటోలకు 34 రకాల పేర్లు పెట్టారు. అందులో ఆటోకు సొంత పేరు దక్కింది. జంతువులకూ దక్కింది. రోడ్డు పక్క మట్టిలో బండి వెళ్లగలిగే చోటు, వెళ్లలేని చోటు విడివిడిగా గుర్తించారు. కారో, బస్సో, లారీయో అని తేల్చలేని బండ్ల కోసం విడిగా ఓ పేరు ఉంచారు. మన రోడ్ల మీద తిరిగే ఎవరికైనా ఆ చివరి పేరు ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు.

అంటే ఏ పేర్లు ఉండాలి, ఏవి అక్కర్లేదు అని నిర్ణయించేది యంత్రం కాదు. జాబితా రాసినవాళ్లు. వాళ్లు మన వీధి చూడకపోతే, ఆ యంత్రం కూడా మన వీధిని చూడనట్టే.

ఇది రోడ్లకే పరిమితం కాదు. తెల్ల గౌను వేసుకున్న పాశ్చాత్య వధువు ఫొటోకు 'పెళ్లికూతురు' అని సరిగ్గా పేరు పెట్టిన ప్రోగ్రామ్, ఉత్తర భారత పెళ్లికూతురి ఫొటోకు 'వేషధారణ', 'ప్రదర్శన కళ' అని పేర్లు పెట్టిందని 2018లో 'నేచర్' పత్రికలో వచ్చిన వ్యాసం వివరించింది. ఇమేజ్‌నెట్‌లోని సమాచారంలో 45 శాతానికి పైగా అమెరికాదే కాగా, చైనా, భారత్ రెండూ కలిపినా 3 శాతమేనని కూడా ఆ వ్యాసం చెప్పింది.

హెల్మెట్ అంటే ఏది?

ఇక మన చలాన్ దగ్గరకు వద్దాం. 'హెల్మెట్ ఉంది', 'హెల్మెట్ లేదు'. రెండే పేర్లు. ఇంతకంటే తేలికైన పని ఏముంటుంది అనిపిస్తుంది. కానీ ఏదైనా సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి తలలను చూడండి.

ఒకరికి పూర్తి హెల్మెట్. ఇంకొకరికి సగం తలకే సరిపోయే టోపీ లాంటిది. ఒకాయన భవన నిర్మాణ కూలీలు పెట్టుకునే పసుపు టోపీతో వచ్చారు. ఒకమ్మాయి ముఖం, తల మొత్తం స్కార్ఫ్ చుట్టుకుంది. ఒకాయన తలకు తుండుగుడ్డ కట్టారు. వెనక కూర్చున్నావిడ హెల్మెట్‌ను చేతిలో పట్టుకున్నారు. ముందు ట్యాంకు మీద కూర్చున్న పిల్లాడు తండ్రి చేతుల మధ్య సగమే కనిపిస్తున్నాడు. నల్ల జుట్టు, నల్ల హెల్మెట్ పైనుంచి చూసే కెమెరాకు, అదీ రాత్రిపూట, దాదాపు ఒకేలా ఉంటాయి.

ఇంకో చిక్కు చట్టంలోనే ఉంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం తలపాగా ధరించిన సిక్కులకు హెల్మెట్ నుంచి మినహాయింపు ఉంది. తుండుగుడ్డ చుట్టుకున్నవారికి లేదు. ఫొటోలో రెండూ తలకు చుట్టిన బట్టలే. ఇక్కడ యంత్రం 'హెల్మెట్ లేదు' అని చెబితే లేబుల్ సరైనదే, కానీ చలాన్ తప్పు. ఫొటోలో ఏముందో చెప్పడం వేరు, అది నేరమా కాదా అని తేల్చడం వేరు. మొదటిది యంత్రం చేయగలదు. రెండోది మనిషే చేయాలి.

ఆ తర్వాత నంబరు ప్లేటు. 8కి, 'బి'కి తేడా చెరిగిపోవడానికి కాస్త బురద చాలు. సున్నాకు, 'ఓ'కు తేడా మన కళ్లకే ఒక్కోసారి తెలియదు. స్టైల్‌గా రాయించుకున్న అక్షరాలు, వంగిన ప్లేటు, ఒక స్క్రూ సరిగ్గా అంకె మీదే బిగించడం, అన్నీ అడ్డంకులే. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు 'టీఎస్' బదులు 'టీజీ' వచ్చింది. పాతవి అలాగే ఉన్నాయి. ఒక్క అక్షరం తప్పు చదివితే జరిమానా వేరే ఊళ్లో ఉన్న, ఆ రోజు బండే బయటకు తీయని మనిషికి వెళుతుంది.

సరైన జవాబు, తప్పు కారణం

కొన్నిసార్లు ప్రోగ్రామ్ జవాబు సరిగ్గానే చెబుతుంది, కానీ చూసింది మాత్రం వేరేది. 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కావాలనే ఓ ప్రయోగం చేశారు. తోడేళ్ల ఫొటోలన్నీ మంచులో తీసినవి, హస్కీ కుక్కల ఫొటోలన్నీ మంచు లేనివి ఇచ్చి ప్రోగ్రామ్‌కు నేర్పారు. అది జంతువును వదిలేసి, వెనక మంచు ఉందా లేదా అని మాత్రమే చూడటం నేర్చుకుంది. మంచులో నిలబడ్డ కుక్క దానికి తోడేలైపోయింది.

మన దగ్గర కూడా ఇలాంటివి జరగొచ్చు. చెవి దగ్గర చెయ్యి ఉంటే 'ఫోన్ మాట్లాడుతున్నారు' అని నేర్చుకున్న ప్రోగ్రామ్‌కు, చెవి గోక్కుంటున్న మనిషి కూడా ఫోన్ మాట్లాడుతున్నట్టే కనిపిస్తాడు. నెదర్లాండ్స్‌లో అచ్చం ఇదే జరిగింది. తల గోక్కుంటున్న ఓ డ్రైవర్‌కు ఫోన్ వాడారని 380 యూరోల జరిమానా పడింది. అక్కడ నిబంధన ప్రకారం యంత్రం పట్టిన ఫొటోను మనిషి కూడా చూశాకే జరిమానా పంపాలి. అయినా అది దాటిపోయింది. యంత్రం ముందే 'ఫోన్' అని చెప్పిన ఫొటోలో, చూసే మనిషికి కూడా ఫోనే కనిపిస్తుంది. రోజుకు వందల ఫొటోలు చూసి 'ఓకే' నొక్కాల్సిన ఉద్యోగికి ఇది మరీ సులువుగా జరుగుతుంది.

'99 శాతం కచ్చితం' అంటే నమ్మొచ్చా?

ఇలాంటి వ్యవస్థ పెట్టినప్పుడల్లా ఓ మాట వినిపిస్తుంది: 'మా ప్రోగ్రామ్ 99 శాతం కచ్చితం.' వినడానికి బాగుంటుంది. ఓ చిన్న లెక్క వేసి చూద్దాం. ఇది కేవలం ఊహించుకున్న లెక్క.

ఓ కూడలిలో లక్ష బైకులు వెళ్లాయి. 10 వేల మందికి హెల్మెట్ లేదు, 90 వేల మందికి ఉంది. ప్రోగ్రామ్ ప్రతి వందలో 99 సార్లు సరిగ్గా చెబుతుంది. అప్పుడు హెల్మెట్ లేనివారిలో 9,900 మంది దొరికారు. హెల్మెట్ ఉన్నవారిలో ఒక శాతం, అంటే 900 మంది కూడా దొరికారు. మొత్తం 10,800 చలాన్లలో 900 తప్పు. ప్రతి 12 మందిలో ఒకరు ఏ తప్పూ చేయనివారే.

ఇప్పుడు జనం మారారు అనుకుందాం. అదే లక్షలో హెల్మెట్ లేనివారు వెయ్యి మందే. అదే ప్రోగ్రామ్, అదే 99 శాతం. నిజంగా దొరికింది 990 మంది. తప్పుగా దొరికింది, 99 వేలలో ఒక శాతం, అంటే మరో 990 మంది. చలాన్లలో సగం తప్పు.

జనం నియమాలు పాటించేకొద్దీ, యంత్రం ఏ మాత్రం మారకపోయినా, చలాన్లలో తప్పుల వాటా పెరుగుతూ పోతుంది. అందుకే 'ఎంత శాతం కచ్చితం' అన్న ప్రశ్నతో సరిపెట్టుకోకూడదు. 'పంపిన చలాన్లలో ఎన్ని తప్పని తేలాయి' అని అడగాలి.

ఇంకో సంగతి. ప్రోగ్రామ్ 'హెల్మెట్ లేదు' అని ఊరికే చెప్పదు. '72 శాతం నమ్మకంతో లేదు', '96 శాతం నమ్మకంతో లేదు' అని చెబుతుంది. ఎంత దాటితే చలాన్ పంపాలో నిర్ణయించేది అధికారులు, కంపెనీలు. ఇది జల్లెడ లాంటిది. కన్నాలు పెద్దవైతే తప్పు చేసినవారు జారిపోతారు, చిన్నవైతే చేయనివారు కూడా చిక్కుకుంటారు. ముఖాలను పోల్చే తమ వ్యవస్థలో 80 శాతం పోలిక దాటితే సరిపోయినట్టుగా పరిగణిస్తామని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చారు. 80 ఎందుకు, 95 ఎందుకు కాదు? ఇది సాంకేతిక ప్రశ్న కాదు. ఎవరికి ఎంత అన్యాయం జరిగినా ఫర్వాలేదు అనే విధాన నిర్ణయం.

ఇది చలాన్లతో ఆగుతుందా?

ఆగదు. ప్రభుత్వ పనుల్లో ఫొటోనే రుజువుగా అడగడం ఏటేటా పెరుగుతోంది. గ్రామీణ ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును ఫొటో తీసి 'ఎన్ఎంఎంఎస్' యాప్‌లో పెట్టడం 2023 జనవరి నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, మిగతా అన్ని పనులకూ వర్తింపజేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఓ సర్క్యులర్‌లో ఈ ఫొటోల్లోని లొసుగులు చెప్పింది. పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారు, ఫొటోనే మళ్లీ ఫొటో తీస్తున్నారు, హాజరులో ఉన్నవారి సంఖ్యకు, ఫొటోలో ఉన్నవారి సంఖ్యకు పొంతన లేదు అని పేర్కొంది. గ్రామ పంచాయతీ స్థాయిలో ఫొటోలన్నీ మనుషులే చూడాలని ఆదేశించింది.

ఇన్ని ఫొటోలు మనుషులు చూడటం కష్టం. కాబట్టి 'ఫొటోలో ఎంతమంది ఉన్నారో యంత్రమే లెక్కపెడితే పోలా?' అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. దొంగ హాజరును పట్టుకోవడానికి అది పనికొస్తుంది కూడా. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన గుంపు ఫొటోలో, కొంగు ముఖం మీదకు లాక్కుని, మరొకరి భుజం వెనక నిలబడ్డ ఆవిడను యంత్రం లెక్కపెట్టకపోతే? మీకు పడిన తప్పు చలాన్‌ను ఫోన్‌లో చూసి ఫిర్యాదు పెట్టగలరు. తన పేరు ఎందుకు తగ్గిందో, ఎవరిని అడగాలో ఆవిడకు తెలియదు. పోయేది ఓ రోజు కూలి.

చట్టం ఏం చెబుతోంది?

కెమెరా చలాన్లకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ అనే నిబంధనను 2021 ఆగస్టులో చేర్చారు. దాని ప్రకారం కెమెరా పరికరానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ధ్రువీకరణ ఉండాలి. కెమెరా ఉందని తెలిపే బోర్డు పెట్టాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలని 2021లో చేర్చినప్పుడు పెట్టారు. ఉల్లంఘన, నంబరు ప్లేటు కనిపించే ఫొటో, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షన్ ఉల్లంఘించారో అందులో ఉండాలి. కేంద్ర చట్టం ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్స్‌పై అనర్హత వేటు కూడా ఉంది. డెలివరీ పని చేసుకునే కుర్రాడికి ఆ మూడు నెలలు అంటే ఉపాధి పోయినట్టే.

కేరళలో 726 కెమెరాలున్న ఇలాంటి వ్యవస్థతో 2023 జూన్ 5న జరిమానాలు వేయడం మొదలుపెట్టినప్పుడు, యంత్రం పట్టిన ఫొటోలను కంట్రోల్ రూములో సిబ్బంది చూశాకే నోటీసు వెళ్లేలా ఏర్పాటు చేశారు. మనిషి చూడటం ఒక్కటే సరిపోదని నెదర్లాండ్స్ ఉదాహరణ చెబుతోంది. చూసే మనిషికి 'కాదు' అనే తీరిక, అధికారం రెండూ ఉండాలి.

మీకు తప్పు చలాన్ వస్తే ఏం చేయాలి?

ముందు ఆ మెసేజ్ అసలైనదేనా చూడండి. వాట్సాప్‌లో చలాన్ పేరుతో వచ్చే లింకులు, ఏపీకే ఫైళ్లు నొక్కవద్దు. వాటితో ఖాతాలు ఖాళీ చేసే మోసాలు జరుగుతున్నాయి. మీ రాష్ట్ర పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైటును మీరే తెరిచి, బండి నంబరు కొట్టి చూసుకోండి.

చలాన్ నిజమైతే ఫొటోను పెద్దది చేసి నాలుగు విషయాలు పోల్చండి: బండి మోడల్, రంగు, ప్లేటు మీది ఒక్కో అక్షరం, చోటూ సమయం. ఏది కలవకపోయినా స్క్రీన్‌షాట్ తీసి, మీ ఆర్సీ, బండి ఫొటో జతచేసి పోర్టల్‌లోనే ఫిర్యాదు పెట్టండి. ఆ రోజు మీరు వేరే చోట ఉన్నట్టు ఆఫీసు హాజరో, పార్కింగ్ రసీదో ఉంటే అదీ జతచేయండి. 'ఎవరు తిరుగుతారు, కట్టేస్తే పోతుంది' అని కట్టేస్తే ఆ చలాన్ లెక్కల్లో సరైనదిగానే మిగిలిపోతుంది. తప్పు చేసిన ప్రోగ్రామ్‌కు మరో మార్కు పడుతుంది.

మీ నగరంలో ఇలాంటి కెమెరాలు ఉంటే, సమాచార హక్కు కింద అడగదగ్గ ప్రశ్నలు కూడా ఉన్నాయి. చలాన్ పంపే ముందు ఫొటోను మనిషి చూస్తున్నారా? ఒక్కొక్కరు రోజుకు ఎన్ని చూస్తున్నారు? ఎంత నమ్మకం దాటితే చలాన్ పంపుతున్నారు? గత ఏడాది ఎన్ని చలాన్లు తప్పని తేలి రద్దయ్యాయి?

కెమెరాలు వద్దని కాదు. హెల్మెట్ ప్రాణం కాపాడుతుంది. ప్రతి కూడలిలో పోలీసును నిలబెట్టడం కుదరదు. కెమెరా ముందు అందరూ సమానమే, బేరాలు ఉండవు, సిఫార్సులు ఉండవు. కానీ యంత్రం చెప్పేది అంచనా మాత్రమే. దాన్ని జరిమానాగా మార్చేది ప్రభుత్వం. కాబట్టి ఆ అంచనా తప్పినప్పుడు, తప్పు లేదని నిరూపించుకునే భారం మొత్తం మీ నెత్తిన పడకూడదు. ఎన్నిసార్లు తప్పిందో లెక్క చెప్పాల్సింది, సరిదిద్దాల్సింది దాన్ని నమ్మి చలాన్ పంపినవాళ్లే.